కునుకు పట్టే వేళ కాలు ఎగిరిపడుతుంటే ఏం చేయాలి?

ముందు మీకు జరుగుతున్నది ఏదో తేల్చుకోండి. "పడుకుంటే ఒళ్ళు అదురుతోంది" అని అందరూ ఒకే మాట అంటారు గానీ దాని వెనక వేర్వేరు బాధలు ఉంటాయి, ఒకదానికి పనిచేసేది ఇంకోదానికి పనికిరాదు. కళ్ళు మూతపడి, సగం కలలోకి జారుతుండగా మెట్టు తప్పినట్టు ఒక్కసారిగా ఒళ్ళంతా ఎగిరిపడి, గుండె దడదడలాడుతూ మెలకువ వచ్చేస్తే అది నిద్ర ఉలికిపాటు, డాక్టర్లు హిప్నిక్ జెర్క్ అంటారు. పిక్కలోనో కంటిరెప్పలోనో బొటనవేలి దగ్గరో ఒక చిన్న కండ తనంతట తానే కొట్టుకుంటూ, కాలుచెయ్యి మాత్రం ఉన్నచోటే ఉంటే అది ఉట్టి కండ అదరడం. పడుకోగానే కాళ్ళలో ఏదో పాకుతున్నట్టు, పీకుతున్నట్టు ఉండి, కదిలిస్తే గానీ ప్రాణం ఊరుకోకపోతే అది రెస్ట్‌లెస్ లెగ్స్. ఇక అర్ధరాత్రి పిక్క పట్టేసి అరిచేంత నొప్పి వస్తే, మోకాలు చాపి పాదాన్ని మీ వైపు లాగి పట్టుకోండి, వదులుతుంది. దాని గురించి ఇంతకన్నా చెప్పను.

ఉలికిపాటు గురించి భయం అక్కర్లేదు. పదిమందిలో ఆరేడుగురికి ఎప్పుడో ఒకప్పుడు వచ్చేదే. మెలకువ నుంచి నిద్రకు మారే ఆ కాసేపట్లో కండలు సడలుతుంటాయి, మెదడులో మెలకువను నడిపే భాగం మాత్రం ఇంకా పూర్తిగా చేతులెత్తేయదు, ఆ పెనుగులాటలో మెదడు కాండం నుంచి కండలకు ఒక్కసారి సంకేతం దూసుకొస్తుంది, కాలు ఎగురుతుంది. ఎక్కువమంది ఒప్పుకునే వివరణ ఇది. చెట్టు కొమ్మ మీద పడుకున్న కోతి జారిపోకుండా ఉండటానికి ఏర్పడిన అలవాటు మనకూ మిగిలిందని ఇంకో కథ చెబుతారు, దానికి రుజువు లేదు, కావాలంటే అలిపిరి మెట్ల మీద కొబ్బరిచిప్పల కోసం కాచుకుని ఉండేవాళ్ళనే అడగాలి.

మన దగ్గర వీటన్నిటికీ కలిపి ఒకే పేరు పెట్టేశారు, నరాల బలహీనత. గోడల మీద ప్రకటనలూ అవే, మెడికల్ షాపులో అడిగితే చేతికొచ్చే బీ కాంప్లెక్స్ కూడా అదే లెక్క. పొద్దున మూత్రం పచ్చగా రావడం తప్ప చాలామందికి దానివల్ల ఒరిగేదేమీ ఉండదు. బీ12 నిజంగా తక్కువున్నవాళ్ళ సంగతి వేరు. మాంసం, గుడ్డు, పాలు ఏవీ పెద్దగా తీసుకోనివాళ్ళు, షుగరుకు ఏళ్ళ తరబడి మెట్‌ఫార్మిన్ వాడేవాళ్ళు, రోజూ పరగడుపున గ్యాస్ మాత్ర వేసుకునేవాళ్ళు ఆ రక్తపరీక్ష ఒకసారి చేయించుకోవడంలో అర్థం ఉంది. గ్యాస్ మాత్ర ఏడాదికి పైగా వాడితే మెగ్నీషియం కూడా తగ్గొచ్చు, అది తగ్గితే కండలు అదురుతాయి. అంతేగానీ ఏ కొరతా లేనివాళ్ళు ఆన్‌లైన్‌లో మెగ్నీషియం డబ్బా కొనుక్కుని మింగితే పెద్ద ప్రయోజనం ఉండదు, కిడ్నీ జబ్బు ఉన్నవాళ్ళకైతే ప్రమాదం కూడా.

నా లెక్కలో అసలు నిద్ర చెడగొట్టేది ఆ ఎగురుడు కాదు, తర్వాతిది ఎప్పుడొస్తుందా అని కాచుకుని పడుకోవడం. కాలు ఎగరడం రెప్పపాటు పని, కానీ "అమ్మో మళ్ళీ వచ్చిందే, మెదడుకేమైనా అయిందా" అని ఫోన్ తీసి వెతకడం మొదలుపెడితే గంట పోతుంది, వెతికితే కనిపించేది ఎప్పుడూ అన్నిటికంటే భయంకరమైన జబ్బే, దాంతో టెన్షన్ పెరుగుతుంది, టెన్షన్‌తో ఉలికిపాట్లు ఇంకా ఎక్కువవుతాయి. అందుకని అది వచ్చిన క్షణంలో చేయాల్సింది చాలా తక్కువ. గడియారం చూడకండి, లైటు వేయకండి. మెల్లగా పక్కకు ఒత్తిగిలి, ముక్కుతో మామూలుగా గాలి పీల్చి, పీల్చినదానికంటే ఎక్కువసేపు పట్టేలా వదలండి. వదిలేటప్పుడు దవడ, భుజాలు కూడా వదిలేయండి, చాలామందికి అవి బిగబట్టుకుని ఉన్నామనే తెలీదు. మళ్ళీ ఎగిరితే ఎగరనీ. ఓ ఇరవై నిమిషాలైందనిపించినా కునుకు రాకపోతే మంచం మీద పొర్లొద్దు. లేచి ముందు గదిలో చిన్న లైటు కింద కూర్చుని, ఉతికిన బట్టలు మడతపెట్టడంలాంటి బోరు కొట్టే పనేదైనా చేసి, కళ్ళు బరువెక్కాకే వచ్చి పడుకోండి. నిద్రపట్టక బాధపడేవాళ్ళకు డాక్టర్లు మాత్రల కంటే ముందు చెప్పే పద్ధతుల్లో ఇదొకటి.

పడుకునే ముందు చేసేది ఇంకొకటుంది, ఎడ్మండ్ జేకబ్‌సన్ అనే అమెరికన్ డాక్టర్ దాదాపు వందేళ్ళ కింద తయారుచేసిన కండల సడలింపు. వెల్లకిలా పడుకుని ముందు పాదాల దగ్గర మొదలుపెట్టండి. కాలివేళ్ళను కిందికి ముడిచి ఐదు అంకెలు లెక్కపెట్టేంత సేపు బిగించి, ఒక్కసారిగా వదిలేయండి. వదిలాక పాదంలోకి వెచ్చగా, బరువుగా ఏదో దిగినట్టు ఉంటుంది, దాన్ని గమనిస్తూ పదిహేను అంకెల దాకా ఊరికే ఉండండి. తర్వాత పిక్కలు, తొడలు, పొట్ట, పిడికిళ్ళు, భుజాలు, చివర్లో ముఖం. పిక్కల్ని మాత్రం గట్టిగా బిగించొద్దు, అక్కడే పట్టేస్తుంది. మొదటి రాత్రే ఫలితం రాదు, రోజూ చేస్తూ పోతే ఒంటికి అదే గుర్తు పడిపోయి నడుము దాకా వచ్చేసరికే కళ్ళు మూతపడతాయి.

ఇక కాఫీ. ఫిల్టర్ కాఫీ విషయంలో మన తిరుపతోళ్ళకి ఒకరు చెప్పాల్సిన పనిలేదు, పొద్దున తాగండి, మధ్యాహ్నం భోజనం లోపు తాగండి, ఎవరూ వద్దనరు. కానీ తాగిన కెఫీన్‌లో సగం ఒంట్లోంచి పోవడానికే సుమారు ఐదు గంటలు పడుతుంది. సాయంత్రం ఆరింటికి బస్టాండు దగ్గర స్నేహితులతో కొట్టిన కాఫీలో సగం రాత్రి పదకొండింటికి మీతోపాటే పడుకుంటుందన్నమాట. టీ, కోలా రకం కూల్‌డ్రింకులు కూడా ఇందులోకే వస్తాయి. సిగరెట్టు ఇంకోరకం ఉత్తేజకం. మందు తాగితే నిద్ర బాగా పడుతుందనేవాళ్ళు తెల్లవారుజాము మూడింటికి ఎందుకు లేచి కూర్చుంటున్నారో ఒకసారి ఆలోచించుకోవాలి.

ఉలికిపాట్లను బాగా పెంచే ఇంకోటి నిద్ర బాకీ. శ్రీసిటీ ఫ్యాక్టరీల్లో వారం పగలు, వారం రాత్రి షిఫ్టు చేసేవాళ్ళు, తెల్లారకముందే కొండెక్కే డ్యూటీ ఉన్నవాళ్ళు, పరీక్షల ముందు హాస్టల్ పిల్లలు, వీళ్ళకే ఇవి ఎక్కువ. బాగా అలిసిపోయాం కదా పడగానే నిద్రపోతాం అనుకుంటారు, పడగానే ఎగురుతారు. షిఫ్టులు మార్చడం మన చేతిలో ఉండదు కాబట్టి కనీసం ఆ వారమంతా నిద్రలేచే టైము ఒకటే ఉండేలా చూసుకోండి, పగలు పడుకునేవాళ్ళు కిటికీకి దళసరి దుప్పటి కట్టండి, రాత్రి షిఫ్టులో చివరి రెండుమూడు గంటలు టీ మానేయండి. మే నెలలో నలభై డిగ్రీల ఎండకి గది కాలుతుంటే ఏ పద్ధతీ పనిచేయదు, సాయంత్రం మేడ మీద నీళ్ళు చల్లడం పాత పద్ధతే అయినా పనికొస్తుంది.

మెట్లెక్కిన రాత్రి సంగతి వేరుగా చెప్పాలి. అలిపిరి నుంచి 3,550 మెట్లు, దగ్గరదగ్గర తొమ్మిది కిలోమీటర్లు. ఎక్కడం కంటే దిగడం పిక్కలకు, తొడలకు ఎక్కువ దెబ్బ, ఎందుకంటే కండ సాగుతూనే బరువు మోయాలి. ఆ రాత్రి తొడలో, పిక్కలో కండలు టపటపా కొట్టుకుంటే అది అలసట మాత్రమే, రెండుమూడు రోజుల్లో పోతుంది. దారిలోనే నీళ్ళు తాగుతూ ఉండండి, ఇంటికొచ్చాక ఉప్పేసిన మజ్జిగ తాగండి (బీపీ ఉన్నవాళ్ళు ఉప్పు దగ్గర జాగ్రత్త), గోరువెచ్చని నీళ్ళు పోసుకుని, గోడకు చేతులానించి పిక్కలు సాగదీసి పడుకోండి. రోజూ జిమ్‌కెళ్ళేవాళ్ళు పడుకునే ముందు గంటలో బరువులెత్తడం మానుకోండి.

కాళ్ళు పీకే రకం అలా వదిలేసేది కాదు. తిరుచానూరులో మా అత్త ఒకామె రోజూ రాత్రి పిక్కలకు తువ్వాలు బిగించి కట్టుకుని, మనవరాలిని పిలిచి "కాస్త తొక్కమ్మా" అనేది, పాప రెండు పాదాలతో కాళ్ళ మీద నిలబడితే తప్ప ఆమెకు నిద్ర లేదు. "వయసుకు వచ్చే నొప్పులేబ్బా" అని అందరూ అనుకున్నారు. చూస్తే ఒంట్లో ఐరన్ నిల్వలు అడుగంటాయి. ఇక్కడ ఒక మెలిక ఉంది. హిమోగ్లోబిన్ బాగున్నా, ఐరన్ నిల్వ ఎంతుందో చూపే ఫెరిటిన్ తక్కువ ఉండొచ్చు, కాబట్టి ఫెరిటిన్ పరీక్ష పేరు చెప్పి అడగండి. ల్యాబ్ కాగితం మీద నార్మల్ అనే ఉన్నా, ఈ కాళ్ళ బాధ ఉన్నవాళ్ళకు 75 లోపు ఉంటే డాక్టర్లు ఐరన్ ఇచ్చే ఆలోచన చేస్తారు. గర్భిణులకు, కిడ్నీ జబ్బు ఉన్నవాళ్ళకు ఇది ఎక్కువ. సంగటి, ఆకుకూర తిన్న వెంటనే గ్లాసుడు టీ తాగే అలవాటుంటే ఆ ఐరన్ సరిగా ఒంటికి పట్టదు, టీ గంటా రెండు గంటలు వెనక్కి జరిపి, అన్నంలో నిమ్మకాయ పిండుకోండి. ఐరన్ మాత్రలు మాత్రం పరీక్ష చేయించుకోకుండా సొంతంగా వేసుకోవద్దు.

వాడే మందులు కూడా ఒకసారి చూసుకోండి. నిద్రొస్తుందని వేసుకునే కొన్ని జలుబు మాత్రలు, వాంతులకిచ్చే మెటోక్లోప్రమైడ్ ఈ కాళ్ళ పీకుడును పెంచుతాయి. డిప్రెషన్‌కు వాడే కొన్ని మందులతో ఉలికిపాట్లు ఎక్కువ కావచ్చు, ఉబ్బసం పఫ్‌తో కండలు వణకొచ్చు. అలాగని రాత్రికి రాత్రి మానేయకండి, రాసిచ్చిన డాక్టరుకు చెబితే మారుస్తారు లేదా టైము జరుపుతారు.

ఎప్పుడు ఆగకుండా వెళ్ళాలంటే, అదరడంతోపాటు చేతిలో పట్టు తగ్గుతున్నా, కండ చిక్కిపోతున్నా, మాట తడబడుతున్నా, మింగడం కష్టమైనా. నిద్రలో ఒళ్ళు కొట్టుకుని నాలుక కరుచుకున్నా, పక్క తడిసినా. పదోతరగతి, ఇంటర్ చదివే పిల్లలు పొద్దున లేచిన వెంటనే చేతులు ఎగిరి బ్రష్షో గ్లాసో జారవిడుస్తుంటే "నిద్రమత్తు" అని తిట్టకండి, ఆ వయసులో మొదలయ్యే ఒకరకం మూర్ఛ అలాగే కనిపిస్తుంది, మందులతో బాగా అదుపులో ఉంటుంది. వీటిలో ఏదున్నా న్యూరాలజీ ఓపీకి వెళ్ళండి, తిరుపతి స్విమ్స్ ఆసుపత్రిలో ఆ విభాగం ఉంది. వెళ్ళేముందు పక్కన పడుకునేవాళ్ళతో ఫోన్‌లో ఒక వీడియో తీయించుకోండి, ఏ టైముకు వస్తుందో, ఏమేం మందులు వాడుతున్నారో ఒక కాగితం మీద రాసుకోండి. డాక్టరు ముందు కూర్చున్నప్పుడు ఒళ్ళు ఎలాగూ అదరదు.