గాలి వైపే తిరిగే కయాక్: నా అనుభవం

అమెరికాలో, సుపీరియర్ సరస్సు ఉత్తర తీరాన గూస్‌బెర్రీ నది నుంచి స్ప్లిట్ రాక్ లైట్‌హౌస్ వైపు వెళ్తున్నాం. కుడి నుంచి గాలి. కయాక్ (సన్నని తెడ్డు పడవ) ముక్కు పదేపదే గాలికే తిరుగుతోంది. కుడివైపే తెడ్డేయడం, పడవను ఒరగబెట్టడం, బరువు వెనక్కి సర్దడం, ఏదీ నిలవలేదు. భుజం మాత్రం పోయింది.

ఒడ్డుకొచ్చి, సామాను దించి, పడవ బోర్లించాం. అడుగున, వెనకవైపు, పడవ దారి తప్పకుండా నీళ్లలోకి దించే రెక్క స్కెగ్. అది దిగే ఇరుకులో చింతగింజంత గులకరాయి! అందుకే అది దిగలేదు. పొద్దున గులకరాళ్ల మీద పడవ ఈడ్చింది నేనే మరి. స్కెగ్‌ని దించే, ఎత్తే మీట (స్లైడర్)ని బలవంతంగా నెట్టలేదు, నెడితే లోపలి తీగ మెలిపడుతుంది. స్కెగ్‌ని అటూ ఇటూ కదుపుతూ సన్నపుల్లతో రాయిని జార్చాను. స్కెగ్ చివరి రంధ్రానికి జానెడు తాడు కట్టాను. మళ్లీ ఇరుక్కుంటే పక్క పడవవాళ్లు లాగొచ్చు. నీళ్లలోకి దిగాక స్కెగ్ సగమే దించాను. పూర్తిగా దించితే ముక్కు గాలివాలుకు పోయింది.

చుక్కాని ఉన్న పడవల సంగతి వేరు. పెద్ద అలల్లో సగం దించిన స్కెగ్ చాలుతుందో లేదో చెప్పలేను, ఆరోజు మోకాలెత్తు అలలు కూడా లేవు.