లైనక్స్‌లో గేమ్ నత్తనడక నడుస్తోందా? ముందు కొలవండి, తర్వాత మార్చండి

గేమ్ స్లోగా ఉందనిపించగానే చాలామంది ముందు ప్రోటాన్ (విండోస్ గేములను లైనక్స్‌లో నడిపే స్టీమ్ టూల్) వెర్షన్ మారుస్తారు. కుదరకపోతే డ్రైవర్, అదీ కుదరకపోతే ఏకంగా డిస్ట్రోనే (ఉబుంటు, ఫెడోరా లాంటి లైనక్స్ రకాన్నే) మార్చేస్తారు. నేనూ ఇలాగే రెండు రోజులు పోగొట్టుకున్నాను. ల్యాప్‌టాప్‌లో మంచి గ్రాఫిక్స్ కార్డు ఉండి కూడా ఒక మామూలు గేమ్ 9 ఎఫ్‌పీఎస్ (సెకనుకి పడే ఫ్రేములు) దాటలేదు. చివరికి తేలిందేమిటంటే, ఆ కార్డు అసలు పనిలోకే దిగలేదు. బొమ్మలన్నీ ప్రాసెసర్ ఒక్కటే గీస్తోంది. మొదటి ఐదు నిమిషాల్లో, గేమ్ ఏ కార్డు మీద నడుస్తోందో ఆ ఒక్క పేరు చూసి ఉంటే ఆ రెండు రోజులు మిగిలేవి.

అందుకే ఏ సమస్యకైనా ముందుగా మ్యాంగోహడ్ అనే, గేమ్ మీదే నంబర్లు చూపించే టూల్ ఇన్‌స్టాల్ చేసుకోండి. దాదాపు అన్ని డిస్ట్రోల ప్యాకేజీల్లోనూ దొరుకుతుంది. స్టీమ్‌లో గేమ్ ప్రాపర్టీస్ తెరిచి, లాంచ్ ఆప్షన్స్ దగ్గర మ్యాంగోహడ్ అని చిన్న ఇంగ్లిష్ అక్షరాల్లో రాసి, ఒక స్పేస్ ఇచ్చి, రెండు పర్సంట్ గుర్తుల మధ్య కమాండ్ అనే మాట పెట్టాలి. గేమ్ తెరవగానే స్క్రీన్ మూలన ఎఫ్‌పీఎస్, కార్డు మీద లోడ్, ప్రాసెసర్ మీద లోడ్, వాటి కింద ఫ్రేమ్ టైమ్ (ఒక్కో ఫ్రేమ్‌కి పట్టే సమయం) గ్రాఫ్ కనిపిస్తాయి. కార్డు పేరు, ఉష్ణోగ్రత, వీడియో మెమరీ, ర్యామ్ చూపించే ఆప్షన్లు కూడా ఆన్ చేసుకోండి. జీఓవర్లే అనే టూల్ ఉంటే టిక్కులు పెడితే చాలు.

సమస్య: గేమ్ తెరుచుకుంటుంది కానీ స్లైడ్ షోలా కదులుతుంది

కారణం: కార్డు పేరు ఉండాల్సిన చోట ఎల్‌ఎల్‌వీఎంపైప్ అని కనిపిస్తే, అది మేసాలోని (లైనక్స్ గ్రాఫిక్స్ డ్రైవర్ల సముదాయంలోని) సాఫ్ట్‌వేర్ రెండరర్, కార్డు బదులు ప్రాసెసర్‌తో బొమ్మలు గీసేది. అంటే గేమ్‌కి గ్రాఫిక్స్ డ్రైవర్ దొరకలేదు. ఇంటెల్ చిప్ పేరు కనిపించి, మీ ల్యాప్‌టాప్‌లో విడిగా ఎన్‌విడియా గానీ ఏఎండీ గానీ కార్డు ఉంటే, గేమ్ తప్పు కార్డు మీద నడుస్తోందన్నమాట.

పరిష్కారం: మొదటి సందర్భంలో మీ డిస్ట్రో ఇచ్చే డ్రైవర్‌ని, దాని వల్కన్ (గేమ్ కార్డుతో మాట్లాడే గ్రాఫిక్స్ పద్ధతి) ప్యాకేజీని ఇన్‌స్టాల్ చేయండి. 32 బిట్ లైబ్రరీలు కూడా వేయడం మర్చిపోవద్దు. పాత విండోస్ గేముల్లో చాలావరకు 32 బిట్‌వే. కొత్త గేమ్ బాగానే ఆడుతూ పాతది మాత్రం తెరుచుకోకపోతే నా అనుమానం ముందు వీటి మీదికే వెళ్తుంది. రెండో సందర్భంలో, ఎన్‌విడియా అయితే ప్రైమ్-రన్ అనే చిన్న స్క్రిప్టు చాలా డిస్ట్రోల్లో ఉంటుంది. లాంచ్ ఆప్షన్స్‌లో దాన్ని అన్నిటికంటే ముందు పెట్టండి. ఏఎండీ అయితే అదే చోట డీఆర్ఐ-ప్రైమ్ వేరియబుల్‌కి 1 అని ఇవ్వాలి. అసలు పేరులో గీత అండర్‌స్కోర్, అక్షరాలన్నీ పెద్దవి.

సమస్య: సగటు 60 ఉంది, అయినా ఆగి ఆగి కదులుతోంది

నాకు వచ్చే ప్రశ్నల్లో ఎక్కువ ఇదే. "నంబర్ బాగానే ఉంది కదా, మరి చేతికి ఎందుకు తేడాగా తెలుస్తోంది?" అని అడుగుతారు. తేడా నిజంగానే ఉంది, సగటు దాన్ని దాచేస్తోంది. లెక్క చూడండి. 60 ఎఫ్‌పీఎస్ అంటే ఒక్కో ఫ్రేమ్‌కి 16.7 మిల్లీసెకన్లు. ఒక సెకనులో ఒకే ఒక్క ఫ్రేమ్ 200 మిల్లీసెకన్లు తీసుకుందనుకోండి, మిగతా సమయంలో 48 ఫ్రేములు పడతాయి. ఆ సెకనుకి మొత్తం 49. మిగతా 59 సెకన్లూ సాఫీగా నడిస్తే నిమిషం సగటు 59.8. కాగితం మీద ఏమీ జరగలేదు, కానీ గేమ్‌లో శత్రువు ఎదురైన క్షణంలో తెర బిగుసుకుపోయింది.

ఫ్రేమ్ టైమ్ గ్రాఫ్‌ని చూస్తే ఇది ఇట్టే తెలిసిపోతుంది. సాఫీగా ఉన్నప్పుడు గీత చదునుగా పారుతుంది. తలుపు తీసి కొత్త గదిలోకి అడుగుపెట్టగానే సూదిలా పైకి లేస్తుంది. ఇప్పుడు బయటికి వచ్చి మళ్ళీ అదే గదిలోకి వెళ్ళండి. రెండోసారి సూది లేవకపోతే కారణం షేడర్ (వెలుగు, రంగులు లెక్కగట్టడానికి కార్డు మీద నడిచే చిన్న ప్రోగ్రామ్) కంపైలేషన్.

డైరెక్ట్‌ఎక్స్ 11 గేమ్ అయితే ప్రోటాన్‌లోని డీఎక్స్‌వీకే, 12 అయితే వీకేడీత్రీడీ-ప్రోటాన్ ఆ షేడర్లను వల్కన్‌కి అర్థమయ్యేలా మారుస్తాయి. ఆపై డ్రైవర్ వాటిని మీ కార్డు భాషలోకి కంపైల్ చేస్తుంది. కొత్త దృశ్యం మొదటిసారి వచ్చినప్పుడు ఆ పని అయ్యేదాకా ఫ్రేమ్ ఆగుతుంది. తర్వాత అది క్యాష్‌లో, అంటే మళ్ళీ వాడుకోవడానికి దాచిపెట్టిన చోట, ఉంటుంది.

పరిష్కారం: స్టీమ్ సెట్టింగ్స్‌లో షేడర్ ప్రీ-క్యాషింగ్ ఆన్ చేయండి. ప్రోటాన్, డ్రైవర్ రెండూ కొత్తవి వాడండి. 2022 నవంబర్‌లో వచ్చిన డీఎక్స్‌వీకే 2.0 నుంచి, డ్రైవర్ సహకరిస్తే షేడర్లను గేమ్ లోడ్ అవుతున్నప్పుడే కంపైల్ చేసుకోగలుగుతుంది.

రెండోసారి కూడా సూదులు లేస్తుంటే షేడర్లను వదిలేసి మెమరీ చూడండి. వీడియో మెమరీ నిండిపోతే టెక్స్‌చర్ క్వాలిటీ ఒక మెట్టు దించండి. ర్యామ్ నిండి స్వాప్ (ర్యామ్ బదులు డిస్క్) వాడుతుంటే బ్రౌజర్ మూసేయండి.

సమస్య: సరిగ్గా 60 దగ్గరే ఆగిపోయింది

వీసింక్ (ఫ్రేములను మానిటర్ వేగానికి కట్టేసే సెట్టింగ్), లేదా గేమ్‌లోని ఫ్రేమ్ లిమిట్. ఆడేటప్పుడు ఉంచుకోవచ్చు, బెంచ్‌మార్క్ చేసేటప్పుడు (వేగం కొలిచేటప్పుడు) తీసేయాలి.

సమస్య: మొదట బాగుంటుంది, పది నిమిషాలకి పడిపోతుంది

కారణం: వేడి. ఉష్ణోగ్రత పెరిగే కొద్దీ కార్డు క్లాక్ (పనిచేసే వేగం) తగ్గుతుంటే ఇంకేమీ వెతకక్కర్లేదు. ఫ్యాన్ల దుమ్ము దులపండి, ల్యాప్‌టాప్‌ని పరుపు మీద పెట్టకండి. వేడి లేకుండానే మొదటి నుంచీ క్లాక్ తక్కువగా ఉంటే పవర్ ప్రొఫైల్ చూడండి, చార్జర్ పెట్టే ఆడండి. ఫెరల్ ఇంటరాక్టివ్ వాళ్ళ గేమ్‌మోడ్, ఆడుతున్నంతసేపూ ప్రాసెసర్‌ని పెర్ఫార్మెన్స్‌లో ఉంచి, గేమ్ మూశాక వెనక్కి పెట్టేస్తుంది.

సమస్య: గేమ్ తెరుచుకోకుండానే మూసుకుపోతోంది

మొదట గేమ్ ఏ డ్రైవ్‌లో ఉందో చూడండి. విండోస్ నుంచి మిగిలిన ఎన్‌టీఎఫ్‌ఎస్ పార్టిషన్ మీద ఉంటే ఇబ్బందులు తప్పవు. ప్రోటాన్ తన ఫోల్డర్‌లో కోలన్ గుర్తు ఉన్న పేర్లు పెడుతుంది, విండోస్ వాటిని ఒప్పుకోదు. గేమ్‌ని ఈఎక్స్‌టీ4 (లైనక్స్ సొంత ఫైల్ సిస్టమ్) మీదికి మార్చడమే నా సలహా. అది కాకపోతే కెర్నల్‌లోని మ్యాక్స్ మ్యాప్ కౌంట్ (ఒక ప్రోగ్రామ్ ఎన్ని మెమరీ ముక్కలు వాడుకోవచ్చో చెప్పే పరిమితి) చూడండి. పాత డీఫాల్ట్ 65530 కొన్ని పెద్ద గేములకు చాలదు. ఫెడోరా 39 దీన్ని 1048576కి పెంచింది, మీరూ అంతే పెట్టుకోవచ్చు. యాంటీ-చీట్ (ఆటలో మోసాన్ని అడ్డుకునే ప్రోగ్రామ్) వల్ల ఆగే గేమ్ అయితే మాత్రం మీ చేతిలో ఏమీ లేదు. ఈజీ యాంటీ-చీట్, బ్యాటిల్‌ఐ ప్రోటాన్‌లో పనిచేయగలవు, కానీ గేమ్ తయారుచేసినవాళ్ళు అనుమతించాలి.

సమస్య: బెంచ్‌మార్క్ ప్రతిసారీ వేరే నంబర్ ఇస్తోంది

కారణం చాలాసార్లు మొదటి రన్‌ని కూడా లెక్కలో కలపడమే. అప్పుడు షేడర్లు ఇంకా తయారవుతుంటాయి, కార్డు ఇంకా వేడెక్కలేదు. దాన్ని పక్కన పెట్టి, తర్వాతి మూడు రన్‌లు తీసుకోండి. గేమ్‌లోనే బెంచ్‌మార్క్ ఉంటే అదే వాడండి. లేకపోతే ఒకే సేవ్ ఫైల్ నుంచి, ఒకే దారిలో నడవండి. ఎడమ షిఫ్ట్‌తో ఎఫ్2 నొక్కితే మ్యాంగోహడ్ లాగ్ రాయడం మొదలుపెడుతుంది. సగటు పక్కనే '1 శాతం లో' (అన్నిటికంటే నెమ్మదైన 1 శాతం ఫ్రేముల ఎఫ్‌పీఎస్) కూడా రాసుకోండి. పైన చెప్పిన ఆ బిగుసుకుపోవడం కనిపించేది అందులోనే. మూడు రన్‌ల మధ్య తేడా నాలుగు ఎఫ్‌పీఎస్ ఉంటే, కొత్త ప్రోటాన్ ఇచ్చిన మూడు ఎఫ్‌పీఎస్ లాభాన్ని నమ్మకండి. ఇంకో ఐదు రన్‌లు చేసి చూడండి.