మూలనపడ్డ అంబాసిడర్‌ను విశాఖలో మళ్లీ రోడ్డెక్కించడం ఎలా?

ఏళ్ల తరబడి షెడ్డులో కదలకుండా ఉన్న అంబాసిడర్‌ను ఇక బాగుచేయించాలని నిశ్చయించుకున్న ఇంట్లో మొదట జరిగే పని కొత్త బ్యాటరీ కొనడం. రెండోది, ఏ రంగు వేయించాలన్న చర్చ. నిజానికి ఈ రెండూ చివర్లో రావలసినవి. ఇంజిన్ మోగిన రోజు ఇల్లంతా సంబరమే, కాదనను. మరుసటి వారం నేలరేకు బొటనవేలితో నొక్కితే చిల్లుపడుతుంది, బ్రేకు పెడల్ అడుగుదాకా దిగిపోతుంది, బండి తిరిగి షెడ్డులోకి చేరుతుంది. విశాఖలో పాత బండిని తినేది తిరిగిన కిలోమీటర్లు కాదు, ఉప్పు. అందుకే ఇక్కడ పని వరుస ఇలా ఉండాలి: కాగితాలు, తుప్పు, బ్రేకులు, ఆ తర్వాతే ఇంజిన్, అన్నిటికంటే చివర రంగు.

ఈ వ్యాసం 1489 సీసీ పెట్రోలు ఇంజిన్ ఉన్న అంబాసిడర్‌ను దృష్టిలో పెట్టుకుని రాసింది. పశ్చిమ బెంగాల్‌లోని ఉత్తర్‌పారాలో హిందుస్థాన్ మోటార్స్ 2014 దాకా అంబాసిడర్‌ను తయారుచేసింది. మీ దగ్గరున్నది ప్రీమియర్ పద్మిని అయినా వరుస ఇదే. కొలతలు మాత్రం ఆ బండి మాన్యువల్‌లో చూసుకోండి.

కాగితాలు ముందు

బండి మీద రూపాయి పెట్టకముందే ఆర్‌సీ బయటికి తీయండి. బానెట్ ఎత్తి, ఆర్‌సీలోని ఛాసిస్ నంబరు, ఇంజిన్ నంబరు బండి మీద ఉన్నవాటితో అంకె అంకె సరిపోల్చండి. తుప్పుకింద నంబరు కనిపించకపోతే కిరోసిన్ గుడ్డతో తుడవాలే తప్ప గ్రైండర్ పెట్టకూడదు. చెరిగిపోయిన ఛాసిస్ నంబరు తెచ్చిపెట్టే చిక్కు ఏ తుప్పూ తేదు.

సొంత కారు రిజిస్ట్రేషన్ మొదట 15 ఏళ్లకు ఉంటుంది. ఆ తర్వాత ఫారం 25తో దరఖాస్తు చేసి, బండిని తనిఖీ చేయించి, అయిదేళ్లకోసారి పొడిగించుకోవాలి. గ్రీన్ టాక్స్ బకాయి ఎంత ఉందో, ఆలస్య రుసుము ఎంత పడుతుందో రవాణా శాఖ కార్యాలయంలో ముందే లెక్క వేయించుకోండి. బండి కాలంచేసిన తండ్రిగారి పేరు మీదో తాతగారి పేరు మీదో ఉంటే ఫారం 31తో వారసుల పేరుకు మార్పించాలి. అన్నదమ్ములు, అక్కచెల్లెళ్లు ఉన్న ఇంట్లో ఈ సంతకాలు ఇప్పుడే తీసుకోవడం మంచిది. బండి తళతళలాడాక వాటాదార్లు పెరుగుతారు.

మొదటి రిజిస్ట్రేషన్ జరిగి 50 ఏళ్లు దాటి, అసలు రూపం మారకుండా ఉన్న బండికి మరో దారి ఉంది. 2021లో కేంద్ర మోటారు వాహనాల నియమాల్లో వింటేజ్ వాహనాలకు వేరే విభాగం చేర్చారు. కొత్త రిజిస్ట్రేషన్‌కు రుసుము 20,000 రూపాయలు, పదేళ్ల చెల్లుబాటు, నంబరు మధ్యలో 'వీఏ' అక్షరాలు. అయితే ఇలా నమోదైన బండిని రోజువారీ తిరుగుళ్లకు వాడకూడదు. ఆదివారం సింహాచలం వెళ్లిరావాలని, మనవరాలిని బడిలో దింపాలని మీ కోరిక అయితే మామూలు రిజిస్ట్రేషన్ పొడిగించుకోవడమే మేలు.

తుప్పు: అసలు పనంతా ఇక్కడే

లారీకి ఉన్నట్టు అంబాసిడర్‌కు కింద విడిగా ఫ్రేము ఉండదు. బాడీయే బరువంతా మోస్తుంది. కాబట్టి తలుపుల కిందుగా పొడవునా పోయే సిల్లులు తుప్పుపడితే అది అందానికి సంబంధించిన విషయం కాదు, బండి నడుము విరిగే విషయం.

ముందుగా కింద భాగమంతా మంచినీళ్లతో కడగాలి. ఇక్కడొక మెలిక ఉంది. పెదవాల్తేరు, లాసన్స్ బే కాలనీ లాంటి తీరానికి దగ్గరి ప్రాంతాల్లో బోరు నీరు ఉప్పగా ఉండవచ్చు. నాలుక మీద వేసుకుని చూడండి. ఉప్పు తగిలితే జీవీఎంసీ (నగరపాలక సంస్థ) కుళాయి నీరు పట్టుకుని దానితోనే కడగండి. ఉప్పునీటితో ఉప్పు కడిగి ప్రయోజనం లేదు.

ఎండాక ఒక స్క్రూడ్రైవరు, చిన్న సుత్తి తీసుకుని రేకంతా తట్టుకుంటూ పోండి. గట్టి రేకు కంగుమంటుంది, తుప్పుపట్టినది మొద్దుగా పలుకుతుంది. తప్పకుండా చూడాల్సిన చోట్లు: సిల్లులు, జాకీ పెట్టే చోటు, కాళ్ల దగ్గర రబ్బరు మ్యాటు కింద నేలరేకు, డిక్కీలో స్టెప్నీ ఉండే గుంట, హెడ్‌లైట్ల వెనక మట్టి పేరుకునే చోటు, ముందు అద్దం రబ్బరు కింది అంచు, తలుపుల అడుగు. తలుపు అడుగున నీరు పోవడానికి చిన్న రంధ్రాలుంటాయి. అవి మూసుకుపోతే తలుపు లోపలినుంచి కుళ్లుతుంది. 2014 అక్టోబరు 12న హుద్‌హుద్ తుపాను వచ్చినప్పుడు షెడ్డు రేకులు ఎగిరిపోయి తడిసిన బండైతే టాపు లోపలి గుడ్డ కూడా విప్పి చూడాలి.

ఒక అయస్కాంతం జేబులో ఉంచుకోండి. పలచటి కాగితం చుట్టి బాడీ మీద జరుపుతూ వెళ్తే, పట్టు సడలిన చోట కింద రేకు బదులు పుట్టీ ఉందని అర్థం. తట్టి, జరిపి చూసిన ప్రతి చోటా సుద్దముక్కతో గుర్తు పెట్టి ఫోటోలు తీయండి. టింకరింగ్ మేస్త్రీతో బేరం ఆ ఫోటోల మీద జరగాలి. "అంత కోసేయడం దేనికండీ, పుట్టీ పెడితే సరిపోతుంది" అనే మేస్త్రీకి మర్యాదగా నమస్కారం పెట్టి వచ్చేయండి. తుప్పు మీద పెట్టిన పుట్టీ ఒక్క వానాకాలం దాటదు.

కుళ్లిన రేకును మంచి రేకు వచ్చేదాకా కోసి, కొత్త ముక్క వెల్డింగ్ చేయించాలి. పైరేకులకు 20 గేజి, సిల్లులకు 18 గేజి సీఆర్ షీటు (కోల్డ్ రోల్డ్ ఉక్కు రేకు; గేజి అంకె తగ్గేకొద్దీ రేకు మందం) అడగండి. రెండు వైపుల సిల్లులూ ఒకేసారి కోయనివ్వకూడదు. ఒకవైపు పూర్తయ్యాకే రెండోది, అదీ బండిని సమంగా స్టాండ్ల మీద ఆనించి, తలుపులు మూసి సందులు సరిచూసుకుంటూ. లేకపోతే వెల్డింగ్ తర్వాత తలుపు పడదు. పెట్రోలు ట్యాంకు డిక్కీ అడుగునే ఉంటుంది కాబట్టి అటువైపు నిప్పు పని పెట్టకముందే ట్యాంకు విప్పి దూరంగా పెట్టాలి. ఖాళీ ట్యాంకే కదా అనుకోవద్దు. నిండు ట్యాంకు కంటే ఆవిరి నిండిన ఖాళీ ట్యాంకే ప్రమాదం.

కోయనవసరం లేని చోట వైర్ బ్రష్‌తో పొడి తుప్పు రాల్చి, ఫాస్ఫారిక్ ఆమ్లం ఉన్న రస్ట్ కన్వర్టర్ పూసి, ఎపాక్సీ ప్రైమర్ కొట్టాలి. ప్రైమర్ వేయని రేకును విశాఖలో ఒక్క రాత్రి వదిలినా తెల్లారేసరికి ఎర్రటి పొర కనిపిస్తుంది. శుభ్రం చేసిన భాగానికి ఆ రోజే ప్రైమర్ పడాలి. ఆర్కే బీచ్‌లో 2002 నుంచి మ్యూజియంగా ఉన్న కురుసుర జలాంతర్గామికే మళ్లీ మళ్లీ రంగులు, మరమ్మతులు తప్పడం లేదు, మన రేకు ఎంత? సిల్లుల లోపలికి మైనం లాంటి క్యావిటీ వ్యాక్స్ కొట్టించండి, నీరు పోయే రంధ్రాలు మాత్రం మూయకండి.

చిన్న సామాను ఇంట్లోనే

బ్రాకెట్లు, తలుపు బందులు, జాకీ, బంపరు క్లాంపుల వంటివి ఇంటి పెరట్లోనే శుభ్రం చేసుకోవచ్చు. ప్లాస్టిక్ బకెట్‌లో నీళ్లు పోసి, నాలుగు లీటర్లకు ఒక పెద్ద చెంచా చొప్పున వాషింగ్ సోడా కలపండి. తుప్పుపట్టిన వస్తువును తీగతో వేలాడదీసి, 12 వోల్టుల పాత తరహా బ్యాటరీ చార్జర్ మైనస్ తీగ దానికి తగిలించండి. ప్లస్ తీగను ఒక పనికిరాని ఇనుప ముక్కకు కట్టి నీళ్లలో దించండి. రెండూ ఒకదానికొకటి తగలకూడదు. రాత్రంతా ఉంచితే తుప్పు నల్లని మడ్డిగా మారి బ్రష్‌కు ఊడి వచ్చేస్తుంది. ఇందులో హైడ్రోజన్ వాయువు వెలువడుతుంది కాబట్టి పని ఆరుబయటే చేయాలి, దగ్గర బీడీ సిగరెట్లు వద్దు. ప్లస్ వైపు స్టెయిన్‌లెస్ స్టీలు పెట్టకండి, విషపు క్రోమియం నీళ్లలోకి దిగుతుంది. స్ప్రింగులను ఈ బకెట్‌లో వేయకూడదు, పెళుసెక్కుతాయి.

బ్రేకులు

బండి నడవకముందే ఆగడం నేర్చుకోవాలి. పాత మోడళ్లలో నాలుగు చక్రాలకూ కలిపి ఒకే బ్రేకు లైను ఉంటుంది, ఎక్కడ కారినా మొత్తం బ్రేకు పోతుంది. కాబట్టి ఇందులో పాతదేదీ మిగలనివ్వకండి. మాస్టర్ సిలిండర్ (పెడల్ తొక్కితే బ్రేకు ఆయిల్‌ను నెట్టేది), వీల్ సిలిండర్ల (చక్రం దగ్గర షూలను తోసేవి) రబ్బరు కిట్లు, చక్రాల దగ్గరి రబ్బరు గొట్టాలు, బ్రేకు షూలు అన్నీ కొత్తవి వేయించండి. స్టీలు పైపులు క్లిప్పుల కిందే ముందు తుప్పుపడతాయి, క్లిప్పు తీసి చూడందే తెలియదు. సిలిండర్ లోపల గుంటలు పడితే కొత్త రబ్బరు కూడా కారుతుంది, అలాంటి సిలిండర్ మార్చడమే.

డ్రమ్ము తీయగానే నోటితో గాని గాలిగొట్టంతో గాని దుమ్ము ఊదవద్దు. పాత షూలలో ఆస్బెస్టాస్ ఉండవచ్చు. మాస్కు పెట్టుకుని తడిగుడ్డతో తుడవండి. కొత్త బ్రేకు ఆయిల్ పోశాక మాస్టర్ సిలిండర్‌కు అన్నిటికంటే దూరంగా ఉన్న చక్రం దగ్గర, అంటే వెనక ఎడమవైపు, మొదలుపెట్టి బ్రేకు లైనులో చిక్కిన గాలి తీయాలి. ఇదే సమయంలో ముందు చక్రాల గ్రీజు నిపుళ్లన్నిటికీ (గ్రీజు ఎక్కించే చిన్న మూతులకు) గ్రీజు కొట్టించి, పక్కన గోడ మీద ఎన్ని ఉన్నాయో రాసుకోండి, ఒకటి తప్పకుండా మరచిపోతారు. టైర్లకు గాడులు బాగా కనిపించినా టైరు పక్కభాగం మీది నాలుగు అంకెల కోడ్ చూడండి. 2319 అంటే 2019లో 23వ వారం తయారైనదని. మూడే అంకెలుంటే అది 2000కు ముందుది, ఇంకో మాట లేకుండా తీసేయండి.

ఇప్పుడు ఇంజిన్

సెల్ఫ్ కొట్టాలన్న ఉబలాటాన్ని ఇంకొన్నాళ్లు ఆపుకోండి. నాలుగు స్పార్క్ ప్లగ్గులూ విప్పి, ఒక్కో సిలిండర్‌లో డీజిలు, ఇంజిన్ ఆయిల్ సమపాళ్లలో కలిపిన మిశ్రమం రెండు మూడు చెంచాలు పోసి కొద్దిరోజులు వదిలేయండి. తర్వాత హ్యాండిల్ రాడ్డుతో మెల్లగా తిప్పండి. హ్యాండిల్ పెట్టే వీలు లేని బండికి టాప్ గేరు వేసి, వెనక చక్రాలు రెండూ పైకి లేపి, రెంటినీ కలిపి తిప్పవచ్చు. కదలకపోతే మళ్లీ నూనె పోసి ఎదురుచూడాలి. మొండికేసిన ఇంజిన్‌తో బలప్రయోగానికి దిగితే రింగులు విరుగుతాయి. అప్పుడిక గాజువాక ఆటోనగర్‌లో లేత్ షాపుకు వెళ్లి రీబోర్ (సిలిండర్లను తొలిచి పెద్దవి చేయడం) చేయించుకోవాల్సిందే.

తిరిగిందా, ఇంజిన్ ఆయిల్, ఫిల్టర్ మార్చండి. పాత తరం ఇంజిన్ కాబట్టి 20డబ్ల్యూ-50 మినరల్ ఆయిల్ చాలు, ఖరీదైన సింథటిక్ అక్కర్లేదు. బ్యాటరీ ఇప్పుడు కొనండి. తగిలించేముందు ఏ టెర్మినల్ బాడీకి ఎర్త్ అయి ఉందో చూడండి, చాలా పాత బండ్లలో ప్లస్ ఎర్త్ ఉండవచ్చు. ప్లగ్గులు బయటే ఉంచి సెల్ఫ్ తిప్పితే ఆయిల్ లైటు ఆరిపోవాలి. ఆరాకే ప్లగ్గులు బిగించండి. డిస్ట్రిబ్యూటర్‌లోని పాయింట్ల సందు సుమారు 0.4 మిల్లీమీటర్లు, ప్లగ్గు సందు 0.6, ఫైరింగ్ వరుస (సిలిండర్లు మండే క్రమం) 1-3-4-2.

ట్యాంకులో మిగిలిన పాత పెట్రోలు వాసన వార్నిష్‌లా ఉంటుంది, దాన్ని పూర్తిగా పారబోయాలి. మొదటి స్టార్టింగ్‌కు చిన్న డబ్బాలోంచి కొత్త పెట్రోలు ఇవ్వండి, పక్కన పొడి రకం అగ్నిమాపక సిలిండర్ తప్పనిసరి. ఇప్పుడు బంకుల్లో వచ్చేది ఇథనాల్ కలిసిన పెట్రోలు. పాత రబ్బరు గొట్టాలు, పంపు డయాఫ్రం, కార్బురేటర్ వాషర్లు దానికి మెత్తబడి పగుళ్లిస్తాయి. ఇథనాల్‌ను తట్టుకునేవి అడిగి వేయించండి. బండి నెలల తరబడి నిలిపి ఉంచేటప్పుడు, ఈ తేమగాలిలో ఇథనాల్ నీరు పీల్చుకుని పెట్రోలు నుంచి విడిపోతుంది, ట్యాంకు అడుగు తుప్పుపడుతుంది. ఇక పాత వాల్వు సీట్లను అరిగిపోకుండా కాపాడిన సీసం కలిపిన పెట్రోలు దేశమంతటా 2000లోనే ఆగిపోయింది కాబట్టి ఏదో కారణంగా హెడ్ విప్పాల్సి వస్తే గట్టి వాల్వు సీట్లు వేయించేయండి. అందుకోసమే హెడ్ విప్పనవసరం లేదు.

రేడియేటర్‌లో బోరు నీరు పోయవద్దు, కూలెంట్ వాడండి.

రంగు వేసే కాలం

జూన్ నుంచి సెప్టెంబరు వరకు వానలు, అక్టోబరు, నవంబరుల్లో తుపాన్లు. గాలిలో తేమ ఎక్కువున్నప్పుడు కొట్టిన రంగు తెల్లగా పాలిపోతుంది, లోపల చిక్కిన తేమ తర్వాత బుడగలై లేస్తుంది. జనవరి నుంచి మార్చి మొదటి వారాల దాకా రంగుకు అనువైన కాలం, అందులోనూ మంచు తగ్గి ఎండ వచ్చాక, మధ్యాహ్నం. రంగు మార్చాలనుకుంటే ఆర్‌సీలో కూడా మార్పించాలి. నా మాటకొస్తే అసలు రంగునే ఉంచండి, తెల్ల అంబాసిడర్‌కు ఉండే హుందాతనం మెటాలిక్ ఎరుపుకు రాదు. సీట్లకు రెక్సిన్ కుట్టించడం, క్రోమ్ మెరుగు పెట్టించడం లాంటివి ఇంటివాళ్ల అభిరుచి, డబ్బు మిగిలినదాన్ని బట్టి.

రోడ్డు మీద

ఇన్సూరెన్స్ చేతికి వచ్చాకే బయటికి తీయండి. మొదటి తిరుగుడు కాలనీ వీధుల్లో, తర్వాత ఖాళీగా ఉన్న చదును రోడ్డు మీద. దిగి నాలుగు డ్రమ్ములూ చేత్తో ముట్టి చూడండి. ఒకటి మిగతావాటికంటే వేడెక్కితే అక్కడ బ్రేకు పట్టి ఉందని తెలుస్తుంది. కైలాసగిరి, సింహాచలం ఘాట్ రోడ్లు ఎక్కడం బ్రేకులన్నీ సరిగ్గా ఉన్నాయని తేలాకే, దిగేటప్పుడు రెండో గేరులో. డ్రమ్ము బ్రేకును ఘాట్‌లో అదేపనిగా తొక్కితే వేడికి పట్టు వదులుతుంది.

భీమిలి దాకా సముద్రపు గాలిలో వెళ్లివచ్చిన ప్రతిసారీ చక్రాల గూళ్లు, సిల్లుల అడుగు మంచినీళ్లతో కడిగి పెట్టండి. బండి మీద ప్లాస్టిక్ టార్పాలిన్ కప్పవద్దు, కింద తేమ నిలుస్తుంది. నూలు కవరు, గాలి ఆడే షెడ్డు చాలు. రెండు వారాలకు మించి తీయకపోతే బ్యాటరీ తీగ విప్పి ఉంచి, బండి బయటికి తీసినప్పుడు ఇంజిన్ పూర్తిగా వేడెక్కేదాకా నడపండి. నిలబెట్టి అయిదు నిమిషాలు మోగించి ఆపేస్తే సైలెన్సర్‌లో నీరు చేరి అదే ముందు చిల్లుపడుతుంది.