చింగెట్టి ఎడారి నగరానికి ప్రయాణం: సన్నాహాలు

పశ్చిమాఫ్రికా దేశమైన మౌరిటానియా ఎడారిలోని చింగెట్టిని చూడాలని కలలు కనేవారు నవంబరు, ఫిబ్రవరి నెలల మధ్య కాలాన్ని ఎంచుకోవాలి. వేసవిలో అక్కడి ఎండకు తట్టుకోవడం కష్టం. భద్రతా సూచనలు ముందే చూసుకోవాలి. రాజధాని నువాక్‌షాట్ నుంచి 400 కిలోమీటర్లకు పైగా ప్రయాణించి అటార్ పట్టణం చేరుకుని, అక్కడి నుంచి ఫోర్ వీల్ డ్రైవ్ వాహనంలో వెళ్లాలి. దారిలోని తనిఖీ కేంద్రాల్లో ఇవ్వడానికి పాస్‌పోర్టు నకళ్లు డజనైనా, ఖర్చులకు అక్కడి కరెన్సీ అయిన ఉగియా నోట్లూ దగ్గర ఉంచుకోవాలి. గాలి లేచిందంటే సన్నని ఇసుక కనురెప్పల సందుల్లోకి కూడా చేరుతుంది కనుక తలకూ ముఖానికీ చుట్టుకునే పొడవాటి నూలు గుడ్డ తప్పనిసరి.

1996లో యునెస్కో ప్రపంచ వారసత్వ జాబితాలో చేరిన ఈ ఊరిలో, కుటుంబాలు తరతరాలుగా కాపాడుకుంటూ వస్తున్న రాతప్రతుల గ్రంథాలయాలకు కనీసం ఒక పూట కేటాయించాలని నా గట్టి అభిప్రాయం. పెళుసుబారిన ఆ పుటలను తాకకుండా, సంరక్షకుడే తిప్పి చూపించే వరకు ఓపికగా కూర్చోవాలి.