ఇంటి సిస్టమ్‌కు కొత్త హార్డ్ డిస్క్: కొనే ముందు, కొన్న రోజు

సిస్టమ్ ఆన్ కావడానికి పది నిమిషాలు పడుతుంటే చాలామంది నేరుగా కొత్త హార్డ్ డిస్క్ కోసం షాపుకు బయల్దేరుతారు. ముందు పాతది నిజంగా పోయిందో లేదో తేల్చుకోవాలి. క్రిస్టల్‌డిస్క్‌ఇన్ఫో అనే ఉచిత సాఫ్ట్‌వేర్ వేసి చూడండి. దాంట్లో అంకెలు మొదట హెక్సాడెసిమల్‌లో, అంటే ఏ నుంచి ఎఫ్ దాకా అక్షరాలు కూడా కలిసే లెక్కలో కనిపిస్తాయి. ఫంక్షన్ మెనూ, అడ్వాన్స్‌డ్ ఫీచర్, రా వ్యాల్యూస్‌లోకి వెళ్లి డెసిమల్ (మామూలు లెక్క) పెట్టుకుంటే మనకు అర్థమవుతాయి.

చూడాల్సినవి నాలుగే వరుసలు. 05 అంటే చెడిపోయి పక్కన పెట్టిన సెక్టార్లు (డిస్క్ మీద డేటా రాసే చిన్న గళ్లు). సీ5 అంటే చదవలేక, ఏం చేయాలో తేలక ఆగిన సెక్టార్లు. సీ6 అంటే ఎంత ప్రయత్నించినా అందనివి. ఈ మూడింట్లో ఏదైనా రోజురోజుకూ పెరుగుతుంటే ఆ డిస్క్‌ను నమ్మొద్దు. ఫొటోలు, కాగితాల స్కాన్లు వెంటనే వేరేచోటికి కాపీ చేయండి. కాపీ అయ్యేదాకా విండోస్‌లో డిస్క్‌ను తనిఖీ చేసే చెక్‌డిస్క్ జోలికి పోవద్దు. చావుబతుకుల్లో ఉన్న డిస్క్‌ను అది మూలమూలా గోకుతుంది, ఉన్న ప్రాణం అక్కడే పోతుంది.

నాలుగోది సీ7. ఇది పెరుగుతోందంటే తప్పు చాలాసార్లు డిస్క్‌ది కాదు, దాన్ని మదర్‌బోర్డుకు కలిపే సాటా కేబుల్‌ది. కేబుల్ మార్చి వారం చూడండి. పాత అంకె తగ్గదు, పెరగడం ఆగితే చాలు.

టక్ టక్‌మని చప్పుడొస్తే డిస్క్ పోయిందని వెంటనే అనుకోవద్దు. సిస్టమ్‌కు కరెంటు ఇచ్చే ఎస్‌ఎమ్‌పీఎస్ ముసలిదై 12 వోల్టులు సరిగా ఇవ్వకపోయినా మంచి డిస్క్ కూడా అలాగే కొట్టుకుంటుంది. ఇంకో సిస్టమ్‌కు తగిలించి చూస్తే తేలిపోతుంది. అక్కడ కూడా కొట్టుకుంటే తీసి పక్కన పెట్టండి, మళ్లీమళ్లీ ఆన్ చేయొద్దు. నల్లగొండ, పాలమూరు వైపు ఎండకాలంలో కరెంటు పోయి రావడం మామూలే. పోయిన ప్రతిసారీ డిస్క్ తిరుగుడులో మిగిలిన ఊపుతోనే, డేటా చదివి రాసే హెడ్‌ను పక్కకు లాక్కుంటుంది. రాస్తూ రాస్తూ ఆగిన సెక్టార్ సీ5లో తేలొచ్చు. యూపీఎస్ లేకుండా కొత్త డిస్క్ పెడితే దానికీ ఇదే గతి.

ఇక ఏది కొనాలి? విండోస్ కోసమైతే ఎస్‌ఎస్‌డీనే, అంటే తిరిగే పలకలు లేకుండా చిప్పుల్లో డేటా దాచే డిస్క్. సాటా ఎస్‌ఎస్‌డీ సెకనుకు 500 ఎంబీకి పైగా చదువుతుంది, మామూలు హార్డ్ డిస్క్ 150, 200 దగ్గర ఆగుతుంది. అసలు తేడా చిన్నచిన్న ఫైళ్ల దగ్గర తెలుస్తుంది, అక్కడ హార్డ్ డిస్క్ దరిదాపుల్లోకి రాదు. బోర్డు సాటా 2 అనే పాత, నెమ్మది రకం కాలంనాటిదైనా ఫరవాలేదు, వేగం సగమైనా మార్పు కళ్లకు కనబడుతుంది. ఇంటెల్ నాలుగో తరం, అంతకు ముందు బోర్డుల్లో చాలావాటికి ఎన్‌వీఎమ్‌ఈ (సాటా కన్నా వేగమైన ఎస్‌ఎస్‌డీ రకం) నుంచి బూట్ కావడం రాదు. అలాంటివాటికి 2.5 అంగుళాల సాటా రకమే తీసుకోండి.

ఎస్‌ఎస్‌డీలో టీబీడబ్ల్యూ, అంటే మొత్తం ఎన్ని టెరాబైట్లు రాయొచ్చన్న అంకె చూసి భయపడేవాళ్లున్నారు. శాంసంగ్ 870 ఈవో 500 జీబీకి అది 300 టీబీ, వారంటీ 5 ఏళ్లు. ఇంట్లో రోజుకు 20 జీబీ రాసినా ఏడాదికి 7.3 టీబీయే. 120 టీబీ రకమైనా 16 ఏళ్లు వస్తుంది. చవక ఎస్‌ఎస్‌డీలు చాలాసార్లు రాసి రాసి అరిగి కాదు, లోపల నడిపించే చిప్ కంట్రోలర్ చెడిపోయి ఒక పొద్దున ఉన్నట్టుండి కనబడకుండా పోతాయి. అందుకే టీబీడబ్ల్యూ కన్నా వారంటీ ఎన్నేళ్లో చూడండి. పేరు తెలియని కంపెనీది సగం ధరకు వస్తోందంటే ఆ బేరం వదిలేయడమే మేలు.

పెళ్లి ఫొటోలు, వీడియోలు దాచుకోవడానికి మాత్రం హార్డ్ డిస్కే మంచిది. బాగా వాడేసిన ఎస్‌ఎస్‌డీని కరెంటు లేకుండా బీరువాలో ఏళ్ల తరబడి పెడితే, అందులోనూ మన వేడికి, డేటా నిలుస్తుందని నమ్మలేం.

హార్డ్ డిస్క్ కొనేటప్పుడు సీఎమ్‌ఆర్, ఎస్‌ఎమ్‌ఆర్ తేడా అడగండి. ఇవి ట్రాకులు, అంటే డేటా రాసే గుండ్రటి వరుసలు పేర్చే రెండు పద్ధతులు. సీఎమ్‌ఆర్‌లో అవి పక్కపక్కన విడిగా ఉంటాయి. ఎస్‌ఎమ్‌ఆర్‌లో ట్రాకులు గూనపెంకుల్లాగా ఒకదాని మీద ఒకటి ఎక్కి ఉంటాయి. నడుమ పెంకు మార్చాలంటే మీదివి ఎట్లా తీసి పెట్టాలో, ఇక్కడ కూడా ఒక ట్రాక్ తిరగరాయాలంటే పక్కవి మళ్లీ రాయాలి. పెద్ద ఫోల్డర్ కాపీ పెడితే మొదట జోరుగా పోయి తర్వాత పాకుతుంది. ఒకసారి రాసి దాచుకునేవాటికి ఫరవాలేదు, రోజూ మార్చే ఫైళ్లకు వద్దు. డబ్బా మీద ఈ సంగతి రాయరు, మోడల్ నంబర్ చూడాలి. సీగేట్ బరాకుడా 1 టీబీ ఎస్‌టీ1000డీఎమ్010 సీఎమ్‌ఆర్, 2 టీబీ ఎస్‌టీ2000డీఎమ్008 ఎస్‌ఎమ్‌ఆర్. డబ్ల్యూడీ బ్లూలోనూ అంతే: డబ్ల్యూడీ10ఈజడ్ఈఎక్స్ సీఎమ్‌ఆర్, డబ్ల్యూడీ20ఈజడ్ఏజడ్ ఎస్‌ఎమ్‌ఆర్. కంపెనీ ఒకటే, రంగు ఒకటే, లోపలి పని వేరు.

సీసీకెమెరాల గిరాకీ వల్ల షాపులో డబ్ల్యూడీ పర్పుల్, సీగేట్ స్కైహాక్ చేతికిస్తే కంగారు పడొద్దు. ఫొటోలు దాచడానికి అవి బాగానే పనికొస్తాయి, వారంటీ సాధారణంగా 3 ఏళ్లు, బ్లూ, బరాకుడాలకు 2 ఏళ్లే.

జాగ్రత్త పడాల్సింది పాత సర్వర్ డిస్కులతో. "ప్యాకింగ్ లేకుండ వస్తది సార్, కొత్తదే" అంటే ఆగండి. కొన్ని ఎస్‌ఏఎస్ అనే సర్వర్ కనెక్టర్ రకం ఉంటాయి, అవి ఇంటి బోర్డు సాటా కేబుల్‌కు ఎక్కవు. డిస్క్ ఎన్ని గంటలు నడిచిందన్న లెక్క సున్నా చేసి అమ్మడం కూడా ఉంది. 2025 మొదట్లో జర్మనీలో సీగేట్ సర్వర్ డిస్కులు వాడినవే కొత్తవిగా అమ్ముడుపోయిన సంగతి బయటపడింది. మామూలు లెక్కలో సున్నా గంటలున్నా, సీగేట్ లోపల వేరుగా రాసుకునే ఫార్మ్ లాగ్‌లో అసలు గంటలు దొరికాయి.

డబ్బులిచ్చే ముందు రెండు నిమిషాల పని. డిస్క్ మీది సీరియల్ నంబర్‌ను ఫోన్‌లో కంపెనీ వారంటీ పేజీలో కొట్టండి. ఇండియాలో వారంటీ ఉందా, ఎప్పటిదాకా ఉందో వస్తుంది. వేరే దేశానికి పంపిన సరుకైతే ఇక్కడ చెల్లదు. ఆ సీరియల్ నంబర్ జీఎస్‌టీ బిల్లు మీద కూడా రాయించుకోండి. కావాల్సిన మోడల్ నల్లగొండలో, మహబూబ్‌నగర్‌లో దొరకకపోతే సికింద్రాబాద్ ప్యారడైజ్ దగ్గర సీటీసీ (చెనాయ్ ట్రేడ్ సెంటర్) కంప్యూటర్ షాపుల్లో దొరుకుతుంది. కానీ రీప్లేస్‌మెంట్ అవసరమైతే మళ్లీ అంత దూరం పోవాలని లెక్కేసుకోండి.

బిగించేటప్పుడు 3.5 అంగుళాల డిస్క్‌కు ముతక మరల స్క్రూలు, 2.5 అంగుళాలదానికి సన్న మరల ఎమ్3 స్క్రూలు. తారుమారు చేస్తే మరలు పాడవుతాయి. పాత నాలుగు పిన్నుల వైరును సాటాకు మార్చే అడాప్టర్లలో, ప్లాస్టిక్ పోసి మూసేసిన చవక రకం లోపల షార్టై కాలిపోయిన సందర్భాలున్నాయి. ఎస్‌ఎమ్‌పీఎస్‌లో సాటా వైరు ఖాళీ ఉంటే అదే వాడండి.

విండోస్ డిస్క్ మేనేజ్‌మెంట్‌లో, డిస్క్‌ను భాగాలు చేసే పద్ధతి అడిగితే జీపీటీ ఎంచుకోండి. పాత పద్ధతి ఎమ్‌బీఆర్ పెడితే 2 టీబీ దాటిన చోటు వాడుకోలేరు. కానీ పాత బయోస్ (సిస్టమ్‌ను మొదట లేపే ప్రోగ్రాం) ఉన్న బోర్డులో విండోస్ వేయబోయే డిస్క్ అయితే ఎమ్‌బీఆరే. 1 టీబీకి 931 జీబీ చూపిస్తే మోసం కాదు, లెక్కపెట్టే పద్ధతి వేరు. హార్డ్ డిస్క్ అయితే ఇప్పుడు క్విక్ ఫార్మాట్ టిక్ తీసేసి పూర్తి ఫార్మాట్ పెట్టండి. 1 టీబీకి రెండు గంటలు, ఇంకాస్త పడుతుంది. అయ్యాక 05, సీ5, సీ6 మళ్లీ చూడండి. మూడూ సున్నా ఉండాలి, ఒక్కటి కనబడ్డా షాపు మార్చి ఇచ్చే గడువు దాటకముందే వెనక్కివ్వండి. వేడి 50 డిగ్రీలు దాటకుండా చూడండి. ఎండకాలం రాకముందే దుమ్ము తీసి, డిస్క్ ముందు ఒక ఫ్యాన్ పెడితే చాలు.

పాతది ఎక్స్ఛేంజ్‌లో ఇచ్చేముందు దానికీ పూర్తి ఫార్మాట్ ఒకసారి నడపండి. క్విక్ ఫార్మాట్ చేసిన డిస్క్‌లోంచి ఆధార్ స్కాన్లు, బ్యాంకు కాగితాలు తిరిగి తీయడం కష్టమేం కాదు. అది తిరగనే తిరగకపోతే ఎక్స్ఛేంజ్ వదులుకుని, లోపల డేటా ఉండే పలక మీద డ్రిల్‌తో రెండు మూడు రంధ్రాలు పెట్టి పడేయండి.