మట్‌లో మొదటి రహస్య మెయిల్ పంపే ముందు జాగ్రత్తలు

మట్ అంటే టెర్మినల్‌లో నడిచే మెయిల్ ప్రోగ్రామ్; మెయిల్‌ను ఎన్‌క్రిప్ట్ చేసేది, అంటే సరైన కీ ఉన్నవారికే తెరుచుకునేలా మార్చేది గ్నూపీజీ. ఆ ఎన్‌క్రిప్షన్‌ను ఛేదించి మీ మెయిల్ చదివేవాళ్లు దాదాపు ఉండరు. విషయం బయటపడేది డ్రాఫ్ట్స్ ఫోల్డర్ నుంచో, ఎడిటర్ వదిలిన తాత్కాలిక ఫైల్ నుంచో, సబ్జెక్ట్ లైన్ నుంచో. లేదంటే కీ పోయి, మీ మెయిళ్లు మీకే తెరుచుకోవు. అందుకే ఈ పనులన్నీ మొదటి మెయిల్‌కు ముందే చేసిపెట్టుకోవాలి. మట్ ఆప్షన్ల పేర్లు ఇక్కడ పలికినట్టే రాశాం; మట్ సెట్టింగ్‌ల ఫైల్ అయిన మట్ఆర్‌సీలో ఇంగ్లిష్ చిన్న అక్షరాల్లో, మాటల మధ్య అండర్‌స్కోర్‌తో రాసుకోండి.

ముందు కీ సంగతి. కీలు జంటగా ఉంటాయి: ఇతరులకు ఇచ్చే పబ్లిక్ కీతో మీకొచ్చే మెయిల్‌ను మూస్తారు, మీ దగ్గరే ఉండే ప్రైవేట్ కీతో దాన్ని తెరుస్తారు. కీ తయారుచేసేటప్పుడు గడువు 2 ఏళ్లు పెట్టండి. ప్రైవేట్ కీ మీ దగ్గరున్నంతకాలం గడువు ఎన్నిసార్లైనా పొడిగించుకోవచ్చు. ప్రైవేట్ కీ పోతే మాత్రం, గడువు తీరాక ఆ కీ దానంతటదే చెల్లకుండా పోతుంది. కీని రద్దుచేసే సర్టిఫికెట్‌ను గ్నూపీజీ 2.1 నుంచి కీతోపాటే తయారుచేసి, హోమ్‌లోని డాట్ జీఎన్‌యూపీజీ ఫోల్డర్‌లో ఉంచుతుంది. పొరపాటున దిగుమతి కాకుండా దాని మొదటి డాష్‌ల ముందు ఒక కోలన్ ఉంటుంది. వాడాల్సి వస్తే దాన్ని తీసేయాలి. ఆ ఫైల్ ఎవరి చేతికి చిక్కినా మీ కీని రద్దు చేయగలరు కాబట్టి ల్యాప్‌టాప్‌లోంచి తీసి పెన్‌డ్రైవ్‌లో దాచండి. ప్రైవేట్ కీని ఎక్స్‌పోర్ట్ చేసి ఇంకో పెన్‌డ్రైవ్‌లో పెట్టండి. అక్కడితో ఆగకండి. ఒక ఖాళీ ఫోల్డర్‌ను గ్నూపీజీకి హోమ్‌డిర్‌గా (కీలు వెతికే ఫోల్డర్‌గా) చూపి, ఆ బ్యాకప్‌ను అందులోకి దిగుమతి చేసి, ఎన్‌క్రిప్ట్ చేసిన ఒక ఫైల్ తెరుచుకుంటుందో లేదో చూడండి. సిస్టమ్ మళ్లీ ఇన్‌స్టాల్ చేసేటప్పుడు మెయిల్ ఫోల్డర్ గుర్తుంటుంది కానీ, చుక్కతో మొదలయ్యే ఈ ఫోల్డర్ కంటికి కనబడక చాలామంది పోగొట్టుకుంటారు.

మట్ఆర్‌సీలో 'క్రిప్ట్ యూజ్ జీపీజీఎంఈ' యెస్ పెట్టండి; జీపీజీఎంఈ అంటే మట్‌ను గ్నూపీజీతో కలిపే లైబ్రరీ. 'పీజీపీ డీఫాల్ట్ కీ'కి 40 అంకెల పూర్తి ఫింగర్‌ప్రింట్ (కీ గుర్తింపు) ఇవ్వండి. 8 అంకెల పొట్టి ఐడీకి సరిపోయే నకిలీ కీ తయారుచేయడం తేలిక. 'పీజీపీ సెల్ఫ్ ఎన్‌క్రిప్ట్' యెస్ ఉంటేనే మీరు పంపిన మెయిల్ ప్రతి మీకు తెరుచుకుంటుంది. 'ఎఫ్‌సీసీ క్లియర్' మాత్రం నో. అది యెస్ అయితే సెంట్ ఫోల్డర్‌లో మామూలు పాఠమే చేరుతుంది. మెయిల్‌ను సర్వర్‌లోనే ఉంచే ఐమ్యాప్ పద్ధతి వాడేవాళ్లకు అది సర్వర్ మీదే ఉంటుంది. సగం రాసి వాయిదా వేసిన మెయిళ్లదీ ఇదే గతి, కాబట్టి 'పోస్ట్‌పోన్ ఎన్‌క్రిప్ట్' యెస్ చేయండి.

అన్నిటికన్నా జాగ్రత్తగా చూడాల్సింది 'క్రిప్ట్ ఆపర్చునిస్టిక్ ఎన్‌క్రిప్ట్'. అందుకునేవాళ్లందరి కీలూ దొరికితే ఎన్‌క్రిప్షన్ తనే పెడుతుంది. బాగానే ఉంటుంది. కానీ కీ లేని ఒక్కరిని సీసీలో చేర్చారంటే తనే తీసేస్తుంది. రహస్యాలు పంపేవాళ్లకు ఇది తగదు. నో అనే ఉంచండి. రాయడం అయ్యాక పీ, తర్వాత బీ నొక్కితే సంతకం, ఎన్‌క్రిప్షన్ రెండూ పడతాయి. వై నొక్కి పంపే ముందు ప్రతిసారీ సెక్యూరిటీ వరస చదవండి. ఒట్టి ఎన్‌క్రిప్షన్ పంపినవారెవరో రుజువు చేయదు; మీ పబ్లిక్ కీ ఉన్నవారెవరైనా మీకు అలా పంపగలరు.

కీని తెరిచే పాస్‌ఫ్రేజ్ అడగకుండానే 'ఇన్‌అప్రోప్రియేట్ ఐఆక్టిల్ ఫర్ డివైస్' అని వస్తే, ఏ టెర్మినల్‌లో అడగాలో గ్నూపీజీ ఏజెంట్‌కు (పాస్‌ఫ్రేజ్ అడిగి గుర్తుంచుకునే ప్రోగ్రామ్‌కు) తెలియలేదన్నమాట. షెల్ సెట్టింగ్‌ల ఫైల్ అయిన బ్యాష్ఆర్‌సీలో జీపీజీ టీటీవై వేరియబుల్‌ను (ఇది మాత్రం ఇంగ్లిష్ పెద్ద అక్షరాల్లో, మధ్యలో అండర్‌స్కోర్‌తో) టీటీవై కమాండ్ ఫలితంతో ఎక్స్‌పోర్ట్ చేయండి. ఏజెంట్ పాస్‌ఫ్రేజ్‌ను మామూలుగా 600 సెకన్లు గుర్తుంచుకుంటుంది. వాడేకొద్దీ ఆ గడువు జరుగుతూ 7200 సెకన్ల దాకా పోతుంది. సీటు వదిలి వెళ్లేటప్పుడు జీపీజీకాన్ఫ్‌తో ఏజెంట్‌ను రీలోడ్ చేస్తే మరిచిపోతుంది.

విమ్ ఎడిటర్‌లో రాసేవాళ్లు మట్ తాత్కాలిక ఫైళ్ల వరకైనా స్వాప్, బ్యాకప్, అన్‌డూ ఫైళ్లు మూడూ ఆపేయాలి. మెయిల్ ఎన్‌క్రిప్ట్ అయ్యేది పంపేటప్పుడో, వాయిదా వేసేటప్పుడో మాత్రమే; అప్పటిదాకా రాసిందంతా డిస్క్ మీద మామూలు పాఠంగానే ఉంటుంది.

తెలుగులో రాసేవాళ్లు టెర్మినల్ లొకేల్ (భాష, అక్షరాల సెట్టింగ్) యూటీఎఫ్-8లో ఉందో లేదో చూసుకుని, ఎన్‌క్రిప్ట్ అయిన పాఠాన్ని మెయిల్‌లో విడి భాగంగా పంపే పీజీపీ-మైమ్ పద్ధతే వాడాలి. 'పీజీపీ ఆటోఇన్‌లైన్' పెడితే అది నేరుగా మెయిల్ పాఠంలోనే చేరి, అక్షరాల ఎన్‌కోడింగ్ వివరం అవతలివారికి సరిగా అందక, తెలుగు గజిబిజిగా కనబడవచ్చు.

హెచ్‌టీఎంఎల్ మెయిల్‌ను ఏ రకం ఫైల్‌ను ఏ ప్రోగ్రామ్ తెరవాలో చెప్పే మెయిల్‌క్యాప్ ఫైల్ ద్వారా గ్రాఫికల్ బ్రౌజర్‌కు పంపకండి. ఎన్‌క్రిప్షన్ విప్పిన పాఠాన్ని బొమ్మల లింకుల ద్వారా బయటి సర్వర్‌కు చేరవేయవచ్చని 2018లో ఈఫెయిల్ పరిశోధన చూపింది. టెక్స్ట్ భాగాన్నే ముందు చూపేలా 'ఆల్టర్నేటివ్ ఆర్డర్' పెట్టుకోండి.

అవతలివారి పబ్లిక్ కీ, కీలు పంచే సర్వర్‌లో దొరికినంత మాత్రాన అది వారిదే అనుకోవద్దు. ఫోన్ చేసి ఫింగర్‌ప్రింట్ మొత్తం చదివించుకుని, సరిపోయాకే గ్నూపీజీ 'ఎల్‌సైన్-కీ' కమాండ్‌తో మీ కంప్యూటర్ వరకే సంతకం చేయండి. ఇది చేయకపోతే కీని నమ్మవచ్చో లేదో తెలియదని మట్ ప్రతిసారీ అడుగుతుంది. విసుగొచ్చి యెస్ కొట్టేశారంటే నకిలీ కీతో పంపినా మీకు తెలియదు.

సబ్జెక్ట్‌లో అసలు విషయం రాయకండి. దాన్ని దాచే సదుపాయం కొత్త మట్‌లో ఉన్నా, అవతలి ప్రోగ్రామ్‌కూ అది అర్థం కావాలి. బీసీసీ కూడా అంతే: ఆ వ్యక్తి కీ ఐడీ ఎన్‌క్రిప్ట్ అయిన మెయిల్‌లోనే ఉండి మిగతావారికి కనబడుతుంది. అలాంటివారికి విడిగా ఇంకో మెయిల్ పంపండి.