నెట్‌హౌస్‌లో టమాట పూత రాలుడు: నాకు పనిచేసిన ఉపాయం

నల్లగొండలో మా మిద్దె మీద చిన్న నెట్‌హౌస్ (చుట్టూ సన్న వల కట్టిన పందిరి) ఉంది. కార్తీకంలో టమాటకు పూత మస్తుగ వచ్చింది, పిందె మాత్రం ఒక్కటీ నిలవలే. పువ్వు కాడ పసుపెక్కి, ముడి దగ్గర విరిగి రాలేది. పుల్లమజ్జిగ, బోరాన్, నీళ్లు తగ్గించుడు, ఎరువు మార్చుడు అన్నీ అయినయి, ఫాయిదా లేదు.

అసలు సంగతి గాలి. టమాట పువ్వుల మగ, ఆడ భాగాలు రెండూ ఉంటయి గని, మగ భాగం గొట్టం లెక్క ఉంటది, అందులోంచి పుప్పొడి రాలాలంటే పువ్వు అదరాలె. సన్న వల పువ్వును అదిరించే తుమ్మెదనూ ఆపింది, గాలినీ ఆపింది.

పొద్దున తొమ్మిది, పది మధ్య, మంచు తడి ఆరినంక, బ్యాటరీ టూత్‌బ్రష్ వెనక భాగాన్ని గుత్తి కాడకు ఆనించి మూడు సెకండ్లు పట్టిన. పువ్వుకు తాకనియ్యలే, కాడకే. కింద నల్ల కాగితం పెడితే పసుపు పొడి కనబడ్డది! తడి ఉన్నప్పుడు చేస్తే పొడి రాలలేదు, అందుకే టైము ముఖ్యం. రోజు విడిచి రోజు చేసిన. వారం దాటినంక పూరేకులు ఎండినా కాడ ఊడలే. లోపల ఆవగింజంత పిందె.

ఇది చలికాలం మాట. ఏప్రిల్‌ల 40 డిగ్రీలు దాటినంక ఇదే చేస్తే ఏం కాలే, ఆ వేడికి పుప్పొడే చెడిపోతది. అప్పుడు నేను గంగవాయిలి, తోటకూర ఏస్త. బీర, సొరకు ఈ అదురుడు అక్కరకు రాదు, మగపువ్వు తెంపి ఆడపువ్వుకు అద్దుడే.